తొలికోత ఉన్ని

ఆ రోజుల్లో ధారూర్ స్టేషన్లో రైలు దిగి, గొంగళ్ల భీమప్ప ఇల్లెక్కడ అని అడిగితే చాలు, అడగని కథ కూడా చెప్పి పంపేవాళ్లు. "భీమప్పనా? వికారాబాద్ కోర్టుకు పోయి తాండూరు మిషన్ల సాయిబు మెడలు వంచిండు, గాయననే గద!" అనేవాడు చాయ దుకాణం మనిషి. ఊరందరికీ ఆ సంగతి చెప్పుకోవడం ఒక సరదా. భీమప్పకు మాత్రం ఆ మాట చెవిన పడగానే ఎక్కడ లేని పని గుర్తొచ్చేది. రుమాలు సర్దుకునే వంకతో తల దించుకొని అక్కణ్నుంచి లేచిపోయేవాడు. పొగిడితే పారిపోయే మనిషిని మీరెక్కడైనా చూశారా? ఊరు దాన్ని వినయం అనుకుంది. ఊరికేం తెలుసు పాపం!

ఆయన వినయవంతుడేమీ కాదు, ముందే చెబుతున్నాను. కురుమ పెద్ద. మనిషి నిలువెత్తు, మీసం దానికి తగ్గట్టు, భుజాన ఎండలో కూడా నల్ల గొంగడి. పొరపాటున కూడా ఒకరి చేత మాట పడేవాడు కాడు. మందలో ఒక గొర్రె కుంటుతుంటే, "భీమప్ప మందల కుంటిదున్నది" అని ఎవరంటారోనని దాన్ని మంద నడుమకు తోసి, నాలుగు వైపులా మంచి గొర్రెలను నడిపించి ఊరు దాటించేవాడు. పెళ్లాం బుగ్గమ్మ చూసి నవ్వేది. "దాన్ని చంకనెత్తుకొని పోరాదు, ఇంక ఇజ్జత్‌గ ఉంటది," అనేది. ఆయనకు ఆ ఎగతాళి అర్థమయ్యేది కాదు.

అలాగని చెడ్డవాడు కూడా కాదు. నలభై ఎనిమిదిలో, నిజాం రాజ్యం పోయి మిలిటరీ వచ్చిన ఆ వానకాలం చివర, కర్రలు పట్టుకొని ఎవరెవరో సాయిబుల కోసం వెతుకుతూ ఊళ్ల మీద పడి తిరిగారు. సరిగ్గా అప్పుడే ముర్తుజా అనే కుర్రవాడు భీమప్ప వాకిట్లో బొంతకు దూది ఏకుతున్నాడు. తాండూరు పిల్లవాడు, తాతల నాటి నుంచి దూదేకేవాళ్లు. విల్లు భుజానేసుకొని ఊరూరా తిరిగి బతికేవాడు. వాకిలి బయట కేకలు వినబడగానే వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. భీమప్ప వాణ్ని గొర్రెల దొడ్లోకి లాక్కుపోయి, పడుకోబెట్టి, నిండా గొంగడి కప్పి, తలాపున తన కర్ర పెట్టాడు. వచ్చినవాళ్లు దొడ్లోకి తొంగిచూసి ఎవడు వాడని అడిగారు.

"నా మేనల్లుడు. జరమొచ్చి పండుకున్నడు. అమ్మవారేమో, దగ్గరికి పోకుండ్రి," అన్నాడు భీమప్ప, తడుముకోకుండా.

భీమప్ప అన్నాడంటే అంతే. వాళ్లు వెళ్లిపోయారు. ఊరు సద్దుమణిగాక వాణ్ని తనే రైలు పట్టా వెంబడి నడిపించుకుంటూ తాండూరులో వాళ్లమ్మకు అప్పజెప్పి వచ్చాడు. ఆ రోజు ఆడింది పచ్చి అబద్ధం. దాని గురించి భీమప్పకు జీవితంలో ఒక్క పూట కూడా సిగ్గనిపించలేదు, అనిపించాల్సిన పనీ లేదు.

తర్వాతి ఏళ్లలో ముర్తుజా పైకొచ్చాడు. కష్టపడేవాడు, నోరు మంచిది. తాండూరు స్టేషన్ ఎదుట దుకాణం పెట్టాడు. ఆయిల్ ఇంజన్లు, పిండి గిర్నీలు, దూదేకే మిషన్లు తెప్పించి అమ్మేవాడు. వాళ్ల నాయన విల్లును దుకాణం గోడకు మేకు కొట్టి తగిలించుకున్నాడు. ఎవరైనా మిషన్ కోసం వస్తే ముందు కూర్చోబెట్టి చాయ పోసి, "ఏం పనికి గావాలె? జర వివరంగ చెప్పు," అని అడిగేవాడు. పనికి రాదనిపిస్తే అమ్మనే అమ్మడు. గిర్నీ కోసం వచ్చినవాడికి, మీ ఊళ్లో ముందే రెండున్నాయి కదా వద్దులే అని చెప్పి పంపిన మనిషి. అందుకే వికారాబాద్ నుంచి ఇటు కొడంగల్ దాకా ముర్తుజా ఇచ్చిన మిషనంటే జనానికి గురి.

ఇక ఊళ్లో సంగతి. కురుమలంతా కలిసి గొంగళ్ల సంఘం పెట్టుకున్నారు, భీమప్పే పెద్ద. మగవాళ్లు ఉన్ని కత్తిరిస్తారు, ఆడవాళ్లు వడుకుతారు, మళ్లీ మగవాళ్లు మగ్గం మీద నేస్తారు. నడుమ ఉన్నిని విల్లుతో ఏకే పనొకటుంది, అదీ చిక్కు. ఏకేవాళ్లలో జంగప్ప ఒక్కడే మిగిలాడు, అతనికీ ఆ ధూళికి దగ్గు పట్టుకుంది. ఉన్ని బుట్టలు బుట్టలుగా పేరుకుపోతుంటే ఆడవాళ్లు చేతులు ముడుచుకొని కూర్చోవాల్సి వచ్చేది. మిషన్ కొందామన్నాడు భీమప్ప. అందరూ తలో గొర్రెను అమ్మారు. మొగుడు పోయిన దేవమ్మకు ఉన్నవే రెండు గొర్రెలు. వద్దు లేవమ్మా అని నలుగురూ అంటున్నా వినకుండా రెండూ అమ్మి తెచ్చిచ్చింది. "భీమప్పన్న చూసి తెస్తుండంటే నాకేం ఫికరు?" అంది. ఆ మాటకు ఆయన మీసం ఇంకాస్త లేచింది.

తాండూరుకు పోయే రోజు పొద్దున బుగ్గమ్మ అటక మీది కుండ దించి, అందులోంచి ఉన్ని తీసి గుడ్డలో మూట కట్టింది. అది తొలికోత ఉన్ని. గొర్రెపిల్లకు మొదటిసారి కత్తిరించిన ఉన్ని అన్నమాట. చెంపకు రాసుకుంటే తెలియనంత మెత్తన. దాన్ని అమ్మరు. పసిపిల్లల తొట్టెలో పరవడానికి, దేవుని గద్దె మీద వేయడానికి దాచుకుంటారు. ఇంకొక్క పనికి కూడా బయటికి తీస్తారు: ఉన్ని చూపించమని బయటివాళ్లెవరైనా అడిగితే ఇదే చూపిస్తారు. కురుమవాడు మామూలు ఉన్ని చేతబట్టుకొని బజారుకు పోతే మందను చిన్నబుచ్చినట్టు. సంతలో కొనేవాళ్లకు కూడా ఇది తెలుసు. చూపించినదాన్ని వేళ్ల మధ్య నలిపి, ఓహో అని మెచ్చుకొని, అసలు ఉన్ని ఎలా ఉంటుందో తమ లెక్క తాము వేసుకుంటారు. పెళ్లిచూపుల్లో పిల్ల కట్టిన పట్టుచీర చూసి, రోజూ పేడకళ్లు ఎత్తేటప్పుడూ ఇదే కడుతుందని ఎవరైనా అనుకుంటారా? అలాంటిదే ఇదీ.

కాకపోతే ముర్తుజా గొర్రెల సంతకు ఏనాడూ పోయినవాడు కాడు.

భీమప్ప దుకాణంలో అడుగు పెట్టగానే ముర్తుజా గద్దె దిగి ఎదురొచ్చాడు. ఆయన్ను కూర్చోబెట్టి లోపలికి కేకేశాడు. "ఖాదర్‌బీ! మా మేనమామ వచ్చిండు, చాయ జెయ్యి!" పెళ్లానికి ఆ కథ ఎన్నిసార్లు చెప్పాడో, ఆమె చాయ గ్లాసుతో పాటు తియ్యటి రవ్వ షీరా ప్లేటు కూడా పెట్టింది. భీమప్ప పని చెప్పాడు. ముర్తుజా కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"భీమప్పా, నాకు దూది తెల్సు. ఉన్ని తెల్వదు. నీ దగ్గర అబద్ధమెందుకు? చేతిల వట్టి చూస్తెనే ఏ మిషన్ పనికొస్తదో చెప్త. తెచ్చినవా?"

"తెచ్చిన," అని మూట విప్పాడు భీమప్ప.

ముర్తుజా చేత్తో నలిపి చూశాడు, మురిసిపోయాడు. మిషన్ నడిపించి ఆ ఉన్ని వేశాడు. పళ్ల రోలరు కింద నుంచి అది పాల మీది మీగడలా మెత్తగా జారి వచ్చింది. దుకాణంలో ఉన్నవాళ్లంతా చుట్టూ మూగారు. "అరెరె, దూది కూడ గింత బాగ రాదు!" అన్నాడు ముర్తుజా. ఆ తర్వాత ఆ ఒక్క మాటా అడిగాడు. "మీ ఊరి ఉన్నంత గిట్లనే ఉంటదా?"

అడిగాడండీ, మనిషి అడిగాడు! లేదు భాయ్, ఇది తొలికోతది, మామూలు ఉన్ని గరుకు, బొచ్చు, పల్లేరుగాయలు కూడా ఉంటాయి, అంటే పోయేది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ చుట్టూ అంతమంది, అందరూ నోరు తెరిచి ఆ ఉన్నినే చూస్తున్నారు. భీమప్ప మీసం దువ్వి పెద్దగా నవ్వాడు.

"మా గొర్లంటే ఏమనుకున్నవ్ భాయ్!"

"అయితే పరేషానే లేదు. గీ ఉన్నికి గీ మిషన్ పనిజేస్తది. చెయ్యకుంటె వాపస్ తీస్కుంట. ఇది నా జబాన్," అన్నాడు ముర్తుజా, ఆయన చేతిలో చెయ్యి వేసి.

మిషన్ రైల్లో వచ్చి, ధారూర్ నుంచి ఎడ్లబండి మీద ఊరు చేరింది. కొబ్బరికాయ కొట్టారు, రోలరుకు పసుపు బండారు పూశారు. పిల్లా జెల్లా అంతా పోగయ్యారు. మొదటి బుట్ట దేవమ్మది వేద్దామన్నారు, రెండు గొర్రెలూ ఇచ్చిన మనిషి కదా. ఇంజన్ అంటించారు. మొదట బాగానే గిర్రున తిరిగింది. తర్వాత మూలిగింది. జిడ్డూ బొచ్చూ కలిసి రోలరుకు తాడులా చుట్టుకుపోయింది, పట్టా జారింది, ఫట్‌మని ఏదో విరిగి ఒక ఇనుప పన్ను ఎగిరివచ్చి గోడకు తగిలింది. ఆపి, పీకి, శుభ్రం చేసి మళ్లీ వేశారు. మళ్లీ అంతే. ఇంకోసారి వేసేసరికి రోలరే వంగిపోయింది.

భీమప్పకు అప్పుడే తెలిసిపోయింది. ఎవరూ చెప్పనక్కర్లేదు. 

"సాయిబు ముంచిండు!" అని ఎవరో అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. దేవమ్మ బుట్ట ముందేసుకొని చతికిలబడి, "నా గొర్లు, నా గొర్లు," అని ఏడుస్తోంది. జంగప్ప దగ్గుతూ దగ్గరికొచ్చి అడిగాడు. "నువ్వు ఉన్ని చూపినవ్ గద, భీమప్పా?"

"చూపిన."

"పనిజేస్తదన్నడు గద?"

"అన్నడు."

రెండూ నిజాలే. ఊళ్లో ఎవరికీ ఇంకేమీ అడగాలని తట్టలేదు. బయటికి పోతే తొలికోతే చూపిస్తారని ఊరందరికీ తెలుసు, కొనేవాడికి కూడా తెలిసే ఉంటుందని వాళ్ల లెక్క. తెలియదని తెలిసినవాడు ఒక్కడే, ఆయనేమో నోరు విప్పలేదు. విప్పితే దేవమ్మ ముందు తల ఎలా ఎత్తుకోవాలి? పెద్ద పోయి కొన్నాడు, పెద్దే ముంచాడు అనరా? ఆ ఒక్క మాట పడలేక, మాట పడని భీమప్ప మింగేశాడు.

తాండూరుకు కబురు పంపారు. అప్పుడు ముర్తుజా మంచానపడి ఉన్నాడు, తన దగ్గర పనిచేసే ఫిట్టరును పంపాడు. ఆ ఫిట్టరు రోలరును చూశాడు గానీ ఉన్నిని చూడలేదు. మిషన్లో లోపం లేదు, వీళ్లు ఏ నారో పీచో వేసి చెడగొట్టుకున్నారు అని పోయి చెప్పాడు. ముర్తుజా వాపసు తీసుకోనన్నాడు. ఊరు భగ్గుమంది. "జబాన్ ఇచ్చి తప్పుతడా? కోర్టుకు పోదాం!" అన్నారు. వద్దనడానికి భీమప్ప దగ్గర కారణముంది, కానీ అది చెప్పుకునే కారణం కాదు.

వికారాబాద్‌లో వకీలు మత్తయ్య దగ్గరికి పోయారు. ఆయన నిదానస్తుడు, చట్టాన్ని చంటిపిల్లలకు చెప్పినట్టు చెప్పేవాడు. "చూడు భీమప్పా, మామూలుగా కొన్న వస్తువును కొన్నవాడే చూసుకోవాలె. కానీ నువ్వు పోయి, నాకు ఫలానా పనికి కావాలె, నాకు తెల్వదు, నువ్వే చూసి ఇయ్యి, అని అమ్మేవాని మీద భారమేసినవనుకో, వాడు ఆ పనికి అక్కరకొచ్చేదే ఇయ్యాలె. కాగితం మీద రాసుకోకున్నా, చట్టం రాసినట్టే. రాకపోతే వాపసు తీసుకోవాల్సిందే. అయితే ఒకటి. పని ఏందో నువ్వు సరిగ్గా చెప్పి ఉండాలె. అది చెప్పకుంటే తప్పు నీదే, అమ్మినవానిది కాదు. చెప్పినవా?"

"ఉన్ని ఏకడానికని చెప్పిన."

"ఉన్ని చూపినవా?"

"చూపిన."

"మీదేనా ఆ ఉన్ని?"

"మా గొర్లదే," అన్నాడు భీమప్ప. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపు వకీలు మొహం మీద లేదు, కిటికీ లోంచి అనంతగిరి గుట్టల మీద ఉంది.

"చాలు. గెలుస్తం," అన్నాడు మత్తయ్య.

కేసు పిలిచే రోజు మున్సిఫ్ కోర్టు వరండాలో ఊరు సగం కూర్చుంది. ముర్తుజా వచ్చాడు. జ్వరం నుంచి లేచిన మనిషి, షేర్వాణీ వదులైంది. పక్కన ఆయన వకీలు చెవిలో ఏదో చెబుతున్నాడు. వరండా చిన్నది, అందరికీ వినబడుతూనే ఉంది. "వాళ్ల ఉన్ని కోర్టుకు తెప్పించమని అడుగుదాం. అక్కడే తేలిపోతుంది."

"అక్కర్లేదు," అన్నాడు ముర్తుజా. నేరుగా నడిచొచ్చి భీమప్ప ఎదుట నిలబడ్డాడు. "భీమప్పా, ఆ దినం నా దుకాణంల చూపిన ఉన్ని, మీ ఊర్ల మిషన్ల వేసిన ఉన్ని, రెండూ ఒక్కటేనా?"

వరండా అంతా చెవులు నిక్కబొడుచుకుంది. ఊరివాళ్లు, దేవమ్మ, వకీళ్లు, బంట్రోతు. భీమప్ప రుమాలు సర్దుకున్నాడు.

"మా గొర్లదే, భాయ్," అన్నాడు.

ముర్తుజా ఆయన మొహంలోకి చూశాడు. "ఒక్కనాడు నీ మాట మీద నా పానం నిలబడ్డది. నీ మాట కాదని నేను కోర్టుల కొట్లాడుతనా? నా మిషన్లనే ఏదో తప్పున్నది," అన్నాడు. వకీలు చెయ్యి పట్టి లాగుతున్నా వినకుండా లోపలికి పోయి, వాళ్లు చెప్పింది నిజమేనని ఒప్పేసుకున్నాడు.

కోర్టులో వాదనే జరగలేదు, మిషన్ తీసుకొని డబ్బు వాపసివ్వమని తీర్పయింది. ఊరివాళ్లు భీమప్పను భుజాల మీద ఎత్తుకున్నంత పని చేశారు. దేవమ్మ ఆయన కాళ్లు మొక్కబోయింది. ఆయన కాళ్లు వెనక్కి లాక్కొని, ఎండ దెబ్బ తగిలినవాడిలా స్టేషన్ దాకా ఎవరితోనూ మాట్లాడకుండా నడిచాడు. ఛీ, ఏం బతుకు ఇది అనుకున్నాడు. అబద్ధం చెప్పలేదు కదా అని ఒకసారి అనుకున్నాడు. దానికి ఇంకా ఎక్కువ సిగ్గేసింది.

వంకర పోయిన ఆ మిషన్‌ను ముర్తుజా తన ఖర్చుతోనే బండి కట్టించుకొని తీసుకుపోయాడు, కబురేమో బండి కంటే ముందు పోయింది. ముర్తుజా మిషన్లు దండగ, తనే కోర్టులో ఒప్పుకున్నాడు అని రైలు పట్టా పొడుగునా చెప్పుకున్నారు. బాగా నడుస్తున్న మిషన్లను కూడా జనం తెచ్చి దుకాణం ముందు దించారు. కాదనలేక అన్నీ తీసుకున్నాడు. అలా తీసుకుంటే ఏ దుకాణం నిలుస్తుంది? కొన్నాళ్లకు అక్కడ గాజుల కొట్టు వెలిసింది. ముర్తుజా గోడ మీది విల్లు దించి, దుమ్ము దులిపి, భుజానేసుకొని మళ్లీ ఊళ్ల మీద పడ్డాడు. వంగిన రోలరు మిషన్ ఇంటి వెనక వాకిట్లో మిగిలింది. ఖాదర్‌బీ దాని మీద మిరపకాయలు ఎండేసుకునేదట.

ఇవన్నీ భీమప్పకు తెలుస్తూనే ఉన్నాయి. తాండూరు పోవడం మానేశాడు. గొంగళ్లు అమ్మడానికి వికారాబాద్ సంతకే పోయేవాడు, బేరం రాకపోయినా సరే. రైల్లో భుజాన విల్లున్న మనిషి కనిపిస్తే డబ్బా మారేవాడు. దేవమ్మ తన వంతు వెనక్కి రాగానే మళ్లీ గొర్రెలు కొనుక్కుంది, అవి ఈనాయి, మందయింది; ఎదురైనప్పుడల్లా "నీ పుణ్యమే అన్నా" అనేది. ఆమె ఎదురొస్తే కూడా తోవ మార్చేవాడు. చివరికి ఊళ్లో ఆయనకు మిగిలిన తోవలు బహుకొద్ది.

బుగ్గమ్మ ఒక్క మాట అనలేదు. కానీ కోర్టు నుంచి వచ్చిన ఏడాది కోత అయ్యాక అటక మీది కుండ దించి, అందులో బెల్లం పోసుకుంది. తొలికోత, ముసలికోత అంతా ఒక్క బుట్టలోనే కలిపేసింది. మనవరాలు పుడితే తొట్టెలోకి మెత్తటి ఉన్ని లేదు. పాత చీర పరిచింది. భీమప్ప అది చూసి కర్ర అందుకొని మందలోకి పోయాడు.

అరవైలు సగం గడిచాయి. జంగప్ప దగ్గుతోనే పోయాడు. ఊళ్లో ఏకేవాడు లేక ఉన్ని మళ్లీ పేరుకుపోయింది. ఒకరోజు పొద్దున భీమప్ప మంద తోలుకొని బయటికి పోబోతుండగా వాకిట్లో విల్లు చప్పుడైంది. తల తిప్పేసరికి ముర్తుజా. గడ్డం తెల్లబడింది, భుజాల నిండా దూది నూగు. 

"నేనే రమ్మన్న. సంతల కనపడ్డడు. ఎవలో ఒకరు ఏకాలె గద," అంది బుగ్గమ్మ, ఆయన వైపు చూడకుండా.

పారిపోవడానికి ఈసారి తోవ లేదు. వాకిలి నిండా ఆడవాళ్లు బుట్టలు మోసుకొస్తున్నారు. ముర్తుజా ఆయనకు సలాం పెట్టాడు, బాగున్నావా అన్నాడు, చాప పరుచుకొని కూర్చున్నాడు. "ఉన్ని నేనెన్నడూ ఏకలే. ఆ ఒక్కసారి మిషన్ల వేసిందే," అని నవ్వి, బుగ్గమ్మ ముందుంచిన బుట్టలో చెయ్యి పెట్టాడు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. పిడికెడు తీసి వేళ్లతో నలిపాడు. ఒక పల్లేరుకాయ గుచ్చుకుంది. తీసి అరచేతిలో పెట్టుకొని చూశాడు. పక్క బుట్టలో చూశాడు. దేవమ్మ బుట్టలో చూశాడు. "ఇది ఉన్నేనా? మేక బొచ్చా?"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. మొగులమ్మని ఒకతి ఉంది, నోరు ఊరుకోదు. "ఉన్నే భాయ్! మా ఊర్ల ఎప్పటికీ గింతే. నువ్వు ఆ దినం చూసింది తొలికోతదుంటది. బయటికి పోతే మావోళ్లు అదే వట్టుకపోతరు, పెండ్లికొడుకు లెక్క! కొనెటోళ్లకు ఎర్కే ఉంటది గద!"

"నాకు ఎర్క లేకుండె," అన్నాడు ముర్తుజా.

మెల్లగా అన్నాడు గానీ వాకిలంతా విన్నది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. దేవమ్మ బుట్ట మీద చెయ్యేసి, భీమప్ప వైపు తిరిగి, అలాగే చూస్తూ ఉండిపోయింది. ఎవరో సర్దబోయారు: "అందరు జేసేదే గద సాయిబూ, అండ్ల తప్పేమున్నది?"

"తప్పేం లేదమ్మా. చూపినదానికి నాకేం కోపం లేదు," అన్నాడు ముర్తుజా. ఆయన గొంతులో నిజంగానే కోపం లేదు, ఉన్నా బాగుండేది. "భీమప్పా, నేను అడిగిన గద. కోర్టు వరండాల నిలబడి అడిగిన. రెండూ ఒక్కటేనా అని."

భీమప్ప కర్ర పట్టుకొని వాకిట్లో నిలబడి ఉన్నాడు. బయట మంద ఆగలేక అరుస్తోంది.   బుగ్గమ్మ ఆయన వైపు చూసింది, ఇన్నేళ్లకు మొదటిసారి సూటిగా.

"ఒక్కటి గాదు, భాయ్," అన్నాడు.

ముర్తుజా తల ఊపాడు. విల్లు దగ్గరికి లాక్కొని, బుట్ట అడుగు నుంచి ఒక పిడికెడు ఉన్ని పైకి తీశాడు. "జర్రంత ఏకి చూపెడుత," అన్నాడు ఆడవాళ్లతో. "పనికొస్తదో రాదో ముందుగల నేను చెప్పను. మీరే చూస్కోండ్రి."

ఆ తర్వాత ధారూర్ స్టేషన్లో దిగి భీమప్ప ఇల్లెక్కడని అడిగితే తోవ మాత్రమే చెప్పేవాళ్లు.